ఇంటింట అలంకార మిరప: విత్తు మొదలు విత్తు వరకు

మిరపమొక్క మన ఇండ్లకు క్రొత్తది కాదు. బావిగట్టు ప్రక్కనో, స్నానపు నీరు పారు కాలువ ఒడ్డుననో రెండు మిరపమొక్కలు లేని పెరడు తెలుగునాట ఒకప్పుడు అరుదు. పప్పు పొయ్యిమీద ఉడుకుచుండగా ఇల్లాలు పెరటిలోనికి పోయి నాలుగు పచ్చికాయలు కోసుకొని వచ్చెడిది. ఇప్పుడు పెరడులే తగ్గిపోవుచున్నవి. హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కుననున్న తెల్లాపూరు ఇందులకు మంచి నిదర్శనము. సంగారెడ్డి జిల్లాకు చెందిన ఈ ఊరు గ్రామపంచాయతీగా ఉండి, 2018లో పురపాలక సంఘమైనది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతముల కంప్యూటరు సంస్థలలో పనిచేయువారు అనేకులు ఇచట నివాసములు ఏర్పరచుకొనిరి. చేలు ఇండ్ల స్థలములైనవి. ఆ స్థలములపై అంతస్తుల మేడలు లేచినవి. పెరడు పోయి బాల్కనీ వచ్చినది. నగరములకు సమీపముననున్న గ్రామములు అనేకము రేపు ఇదే దారిన నడువవచ్చును. కావున కొద్ది స్థలములో, ఒక కుండీలో, కంటికి ఇంపుగాను పిల్లలకు భయము లేకుండగాను పెరుగు ఒక మొక్కను గూర్చి పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి. అది కారము లేని అలంకార మిరప.

మేము నేర్చిన పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట తెల్లాపూరులో ఒక ఇంటి మిద్దెపై మేము ఈ మిరపను విత్తనమునుండి పెంచితిమి. మొదటి ఏడు కాయలు కన్నులపండువుగా కాచినవి. ఒకే మొక్కమీద లేతపసుపు, ఊదా, నారింజ, ఎరుపు రంగుల కాయలు ఆకాశమువైపు నిక్కి చూచుచు నిలిచినవి. పిల్లలు కోసి నమిలినను నోరు మండలేదు. ఆ కాయల గింజలనే ఎండబెట్టి దాచి, మరుసటి ఏడు ఇరుగుపొరుగువారికిని, ఒక చిన్న బడికిని సంతోషముతో పంచితిమి.

క్రొత్త మొక్కలు చూచుటకు తల్లిమొక్కవలెనే పెరిగినవి. కాని నిరుటి ధైర్యముతో ఒక పసివాడు కాయ కొరికి, ఆ చేతితోనే కన్ను నులుముకొని, గుక్కపట్టి ఏడ్చెను. నీటితో కన్ను కడిగి, వైద్యునికి చూపి, ఎట్లో ఊరడించితిమి. ప్రమాదమేమియు జరుగలేదు. అయినను కారము ఎచటినుండి వచ్చినదను ప్రశ్న మమ్ము విడువలేదు. తుదకు తెలిసినది: మొదటి ఏడు మా తల్లిమొక్క ప్రక్కనే కూరకొరకు పెంచిన కారపు మిరపకుండీ ఒకటి ఉండెను. తప్పు మాదే. ఈ వ్యాసమునకు మూలము ఆ తప్పే. కారము లేని మిరపను పెంచుట సులభము. దానిని కారము లేనిదిగా నిలుపుకొనుటయే నేర్వవలసిన విద్య.

కారము ఎచట ఉండును?

మిరప పుట్టినిల్లు అమెరికా ఖండము. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలవెంట అది మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మనవారు వంటలో కారమునకు మిరియములనే వాడిరి. నేటికిని మిరియాల చారు ఆ పాత అలవాటునకు గుర్తుగా నిలిచియున్నది.

మిరప కారమునకు కారణము క్యాప్సైసిన్ అను పదార్థము. కారమంతయు గింజలలో ఉండునని పలువురి నమ్మకము. అది సరికాదు. కాయను నిలువుగా చీల్చి చూడుడు. గింజలు అంటుకొనియున్న తెల్లని మెత్తని భాగము కనబడును. క్యాప్సైసిన్ ముఖ్యముగా తయారగునది అచటనే. దానిని తాకియుండుట చేతనే గింజలకును కారము అంటుకొనును. కారము లేని రకములలో ఈ పదార్థము తయారుకాదు, లేక మిక్కిలి స్వల్పముగా తయారగును.

మిరపపువ్వులో ఆడ, మగ భాగములు రెండును కలవు. అది తన పుప్పొడితో తానే ఫలదీకరణము పొందగలదు. అయినను తేనెటీగలు, చీమలు, ఇతర కీటకములు ఒక మొక్క పుప్పొడిని మరియొకదానికి చేర్చుట సర్వసాధారణము. కారపు మిరప పుప్పొడి కారము లేని మిరపపువ్వుపై పడినచో ఆ కాయకు కారము రాదు, ఏలయన కాయ శరీరము తల్లిమొక్కదే. కాని అందలి గింజ ఇద్దరి బిడ్డ. కారము కలిగించు గుణము బలమైనది. కారము లేని గుణము దానిముందు అణగియుండును. అందుచేత ఆ గింజ మొలచి పెరిగిన మొక్క కారపుకాయలనే కాచును. మా మిద్దెపై జరిగినది ఇదియే. అట్టి సంకర మొక్కలు తమ పుప్పొడితోనే కాచిన గింజలను మరల నాటినచో సుమారు నాలుగింట ఒక వంతు మొక్కలు మాత్రమే తిరిగి కారము లేనివి కాగలవు. ఏది ఏదియో కాయ కొరికిననే గాని తెలియదు.

రకములను ఎన్నుకొనుట

అలంకార మిరపలన్నియు కారము లేనివి కావు. నిజమునకు అనేకము మిక్కిలి కారముగలవి. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు రూపొందించిన బ్లాక్ పెర్ల్ అను రకము నల్లని ఆకులతో, నల్లని గుండ్రని కాయలతో చూడముచ్చటగా ఉండును గాని కారము తీవ్రము. చిల్లీ చిల్లి అను రకము కారము లేనిది. 2002లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ గుర్తింపు పొందినది. మెడూసా అను రకమును అట్టిదే. అందుచేత విత్తనపు పొట్లముపై కారము లేదని స్పష్టముగా వ్రాసియున్నదా అని చూచి కొనవలెను. పొట్లముపై ఎఫ్1 లేక హైబ్రిడ్ అని ఉన్నచో, దాని కాయల గింజలు తల్లివంటి మొక్కలనే ఇచ్చునని నమ్మరాదు. అట్టి విత్తనమును ఏటేట కొనవలసియుండును.

మన తెలంగాణలోనే కారము తక్కువైన సొంత రకము ఒకటి కలదు. అది వరంగల్లు ప్రాంతపు చపాట మిరప. దాని బొద్దు కాయలనుబట్టి దానిని టమాటా మిరప అనియు పిలుతురు. నిగనిగలాడు ఎరుపురంగునకు, తక్కువ కారమునకు అది ప్రసిద్ధి. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. అది అలంకారమునకై పుట్టిన రకము కాదు, పొలపు పంట. ఏండ్ల తరబడి రైతులు మంచి కాయలను ఏరి, వాని గింజలను దాచి, తిరిగి నాటుటచేతనే అది నేటివరకు నిలిచినది. ఒక రకపు గుణమును కాపాడునది గింజను ఏరు చేయియే యని ఇది చాటుచున్నది. పెద్ద కుండీ ఉన్నవారు చపాటనే ఇంట పెంచుకొనవచ్చును. కర్ణాటకలోని బ్యాడగి మిరపయు రంగు ఎక్కువ, కారము తక్కువ అను పేరు పొందినదే.

మరియొక హెచ్చరిక. జెరూసలేము చెర్రీ అను పూలకుండీ మొక్క అలంకార మిరపను పోలియుండును. దాని గుండ్రని నారింజరంగు కాయలు విషతుల్యములు. మిరపకాయను కోసినచో లోపల డొల్లగా ఉండును; దీనిలో టమాటావలె గుజ్జు నిండియుండును. సందేహము కలిగినచో రుచి చూడరాదు.

విత్తనమునుండియే ఏల?

నర్సరీలో కాయలతో సిద్ధముగానున్న కుండీ దొరకుచుండగా విత్తనము నాటి వేచియుండుట ఎందులకని కొందరు అడుగవచ్చును. అందమునకై అమ్ము మొక్కలపై తినుటకు పనికిరాని పురుగుమందులను వాడియుండవచ్చును. వానిలో కొన్ని మొక్క శరీరమంతటను వ్యాపించునవి. కాయను కడిగినంత మాత్రమున పోవు. విత్తనమునుండి పెంచినచో ఏమి వేసితిమో, ఏమి చల్లితిమో మనకు తెలియును. పొట్లములోని గింజలకు గులాబి, ఎరుపు లేక నీలిరంగు పూసియున్నచో అది మందు పట్టించిన విత్తనమని తెలిసికొనవలెను. దానిని పిల్లలచేత ముట్టించరాదు. నాటిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

నారు పోయు కాలము, విధము

తెల్లాపూరు దక్కను పీఠభూమిపై ఉన్నది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. డిసెంబరు, జనవరి రాత్రులు చల్లనివి. మిరపగింజ మొలకెత్తుటకు 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనము అనుకూలము. 35 డిగ్రీలు మించిన ఎండలో పూత రాలును. కావున జూన్, జూలై నెలలలో గాని, సెప్టెంబరులో గాని నారు పోయుట మేలు. సెప్టెంబరులో పోసినచో సంక్రాంతి నాటికి కాయలు రంగు తిరుగుచుండును.

గింజలను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టవలెను. అడుగున రంధ్రములున్న చిన్న తట్టలో గాని, వాడిన పెరుగు డబ్బాలలో గాని కొబ్బరిపొట్టును, జల్లించిన వానపాముల ఎరువును సమపాళ్లలో కలిపి నింపవలెను. గింజను అర సెంటీమీటరు లోతున ఉంచి, పలుచగా కప్పి, నీటిని తుంపరగా చల్లవలెను. మొలకెత్తువరకు తడి ఆరరాదు, బురదయు కారాదు. 8 నుండి 14 దినములలో మొలకలు వచ్చును. మొలక కనబడిన దినముననే వెలుతురులోనికి మార్చవలెను. చీకటిలో ఉంచినచో మొలకలు సన్నగా సాగి వాలిపోవును.

నారుదశలో గొప్ప శత్రువు నారుకుళ్లు తెగులు. మొలక మొదలు నీరుపట్టి, నల్లబడి, తెల్లవారునప్పటికి నేలవ్రాలును. దీనికి కారణము అధికమైన తడియు, గాలి ఆడకపోవుటయు. గింజలను దూరదూరముగా నాటుట, ఉదయమే నీరు పోయుట, ట్రైకోడెర్మా పొడిని చిటికెడు మట్టిలో కలుపుట మంచి రక్షణ.

కుండీలోనికి మార్చుట

నాలుగు నుండి ఆరు ఆకులు తొడిగిన పిమ్మట, అనగా సుమారు 35 నుండి 40 దినములకు, నారును కుండీలోనికి మార్చవలెను. ఎనిమిది నుండి పది అంగుళముల కుండీ ఒక మొక్కకు చాలును. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపిన మన్ను శ్రేష్ఠము. మాగని పేడను వేయరాదు. దాని వేడికి వేరు చచ్చును. సాయంకాలము నాటి, రెండు మూడు దినములు నీడలో ఉంచి, పిదప క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను. దినమునకు ఐదారు గంటల ఎండ తగులు బాల్కనీయో, మిద్దెయో, కిటికీయో ఉండవలెను. ఎండ చాలనిచో ఆకులు పెరుగును గాని పూత రాదు.

మొక్క జానెడు ఎత్తు ఎదిగినపుడు కొనను గిల్లినచో ప్రక్కకొమ్మలు వచ్చి గుబురుగా పెరుగును. రెండు మూడు వారములకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు చాలును. యూరియా వేసినచో ఆకు ముదురుపచ్చగా ఏపుగా పెరుగును, పూత వెనుకబడును. వ్రేలితో మన్ను తాకి, పైపొర ఆరినపుడు మాత్రమే నీరు పోయవలెను. బోరునీటిలో లవణములు ఎక్కువైనచో కుండీ అంచున తెల్లని పొర కట్టును. అట్టి చోట వాననీటిని పట్టి వాడుట ఉత్తమము.

కుండీ క్రింది పళ్లెములో నీరు నిలువ ఉండనీయరాదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి కొద్దిపాటి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. వారమునకొకసారియైన పళ్లెమును పారబోసి, రుద్ది కడిగి, ఆరబెట్టవలెను. ఇంటింటికి కుండీ పంచదలచు పంచాయతీ ఈ మాటను కుండీతోపాటు పంచవలెను.

చీడపీడలు

ఆకులు పైకి ముడుచుకొనినచో తామరపురుగును, క్రిందికి ముడుచుకొనినచో నల్లిని అనుమానింపవలెను. రైతులు వీనిని పై ముడత, క్రింది ముడత యందురు. పేనుబంక, తెల్లదోమ కూడ వచ్చును. 2021-22 పంటకాలమున తెలుగు రాష్ట్రముల మిరపతోటలను క్రొత్తరకము తామరపురుగు తీవ్రముగా దెబ్బతీసినది. ఇంటి కుండీలోని రోగిమొక్క ప్రక్క పొలమునకు ముప్పు కాగలదని మిరప పండించు గ్రామముల సభ్యులు గుర్తుంచుకొనవలెను.

దినము విడిచి దినము ఆకు అడుగుభాగమును పరికించుటయే మొదటి వైద్యము. పురుగులు కొద్దిగా ఉన్నచో నీటి ధారతో కడిగివేయవలెను. ఎక్కువైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొద్దిపాటి సబ్బునీటితో కలిపి, సాయంకాలము ఆకుల అడుగున తడియునట్లు చల్లవలెను. తామరపురుగులకు నీలిరంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపురంగు అట్టలు ఉపకరించును. ఆకులు గిడసబారి, మొక్క ఎదుగక బొబ్బర తెగులు పట్టినచో జాలిపడక పెరికి నాశనము చేయవలెను. వైరసు తెగులునకు మందు లేదు.

విత్తనమును నిలుపుకొనుట

ఇక ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాము. తగిన గింజ కావలెనన్నచో మొదట మొక్కను ఎన్నవలెను. ఆరోగ్యముగా, గుబురుగా, మంచి రంగులతో కాచినదానిని, కారము లేదని పెద్దలు రుచి చూచి తేల్చినదానిని ఎన్నవలెను. ఆ మొక్క ఎఫ్1 పొట్లమునుండి వచ్చినది కారాదు.

పొలములలో శుద్ధమైన విత్తనమునకై ఒక రకమునకు మరియొక రకమునకు నడుమ కొన్ని వందల మీటర్ల దూరము పాటింతురు. ఇండ్ల వరుసలలో అది సాధ్యము కాదు. దానికి బదులు ఒక చిన్న ఉపాయము కలదు. పూమొగ్గలు విచ్చుకొనకముందే కొమ్మకు పలుచని గుడ్డసంచిని గాని, దోమతెర ముక్కను గాని తొడిగి, మొదట వదులుగా కట్టవలెను. చీమయు దూరరాదు. దినమునకొకసారి కొమ్మను మెల్లగా తట్టినచో పుప్పొడి రాలి ఫలదీకరణము జరుగును. పిందెలు కనబడగనే సంచి తీసి, ఆ కాయల కాడలకు రంగుదారము కట్టవలెను. దారము కట్టిన కాయ విత్తనమునకు, కట్టనిది అందమునకు. ఈ దారమే మేము మొదటి ఏడు మరచినది.

కాయలు పూర్తిగా పండి, కొద్దిగా ముడుతలు పడిన పిదప కోసి, గింజలను తీసి, నీడలో కాగితముపై వారము పది దినములు ఆరబెట్టవలెను. గింజ వంచినచో విరుగవలెను. వంగినచో ఇంకను తడి ఉన్నదని అర్థము. కాగితపు పొట్లములో కట్టి, రకము పేరు, సంవత్సరము, సంచి తొడిగినదా లేదా యను వివరము వ్రాసి, మూతగల సీసాలో చల్లని చోట దాచవలెను. రెండు మూడు సంవత్సరములు అది మొలకెత్తు శక్తిని నిలుపుకొనును.

ఎవరికైన గింజలు ఇచ్చుటకు ముందు వానిలో కొన్నింటిని తామే నాటి, ప్రతి మొక్కనుండియు ఒక కాయను పెద్దలు రుచి చూడవలెను. పొరపాటున కారము నోటికి తగిలినచో పాలు, పెరుగు ఉపశమనమిచ్చును. క్యాప్సైసిన్ నీటిలో కరగదు. కంటికి తగిలినచో ధారాళమైన నీటితో కడిగి, మంట తగ్గనిచో వైద్యునివద్దకు పోవలెను.

పంచాయతీ చేయదగినది

2018 పంచాయతీరాజ్ చట్టము తెలంగాణలోని గ్రామపంచాయతీలకు నర్సరీ బాధ్యతను అప్పగించినది. ఆ నర్సరీలో ఒక మూలను ఇందులకు కేటాయించుట పెద్ద వ్యయము కాదు. ఒక్క గ్రాము మిరప విత్తనములో నూటికి పైగా గింజలుండును; ఒక చిన్న గ్రామమున బడికి, అంగన్వాడికి, పంచాయతీ కార్యాలయమునకు సరిపోవు నారు అందులో లేచును. బడులలో పోషకాహార తోటలు పెంచవలెనని 2019లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములు వెలువరించినది. అట్టి తోటలో ఒక వరుస ఈ మిరప ఉన్నచో పిల్లలు గింజ, పువ్వు, పుప్పొడి, వారసత్వము అను పాఠములను పుస్తకములోగాక కంటిముందర చూతురు. మిరప సి విటమినునకు పేరుపొందినది. హంగరీ దేశపు సెగెడ్ పట్టణమున ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ఆ విటమినును విరివిగా సేకరించినది మిరపకాయలనుండియే. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది.

గ్రామమున ఒకరిద్దరు శ్రద్ధగల స్త్రీలకు విత్తనపు బాధ్యత అప్పగించి, ఎవరికి ఏ గింజ ఇచ్చినదియు ఒక పుస్తకమున వ్రాయించుట మంచిది. తప్పు జరిగినచో అది ఎచట జరిగినదో ఆ పుస్తకము చెప్పును. ఊరు పెరుగవచ్చును, పేరు మారవచ్చును, పెరడు తగ్గవచ్చును. ఇంటివారి చేతిలోని విత్తనము శుద్ధముగా ఉన్నంతకాలము ఒక కుండీలోనైనను పెరడు నిలుచును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామ నర్సరీలో కూరగాయల, పెరటి మొక్కల విత్తనమును ఎవరు దాచుచున్నారు? పొట్లములపై పేరు, సంవత్సరము ఉన్నవా?

2. బడిలో, అంగన్వాడిలో పెంచు మొక్కలలో పిల్లలకు హాని కలిగించునవి ఏవైన ఉన్నవా? వానిని గుర్తించిన వారెవరు?

3. కుండీల పళ్లెములలో నిలువనీరు లేకుండ చూచుటకు వారమున ఏ దినమును నిర్ణయింపవచ్చును?

4. మన ఊరిలో తరతరములుగా నిలుపుకొనుచున్న మిరపరకము ఏదైన కలదా? దానిని నేడు ఎందరు నాటుచున్నారు?